తుంగపిల్లి ఒక్క గుడ్డే పెడుతుంది

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత జరిగినవి మీకు కొంతైనా నమ్మబుద్ధి అవుతాయి. కోపమొస్తే కొందరు గిన్నెలు విసురుతారు, కొందరు అన్నం మానేసి ముసుగు తన్ని పడుకుంటారు. నేను ఒకసారి కోపంలో ఒక కొత్త జంతువును పుట్టించి, దానికి ఊరూ పేరూ పెట్టి, కాన్పు కూడా చేయించాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. కంభం చెరువు దగ్గర ఒక చిన్న ఊళ్లో, ఏడో తరగతి దాకా ఉన్న బడిలో సైన్సు టీచరుగా చేరి ఆరు నెలలు. మాది గిద్దలూరు పక్కన పల్లె. అమ్మా నాయనా కూలి పనికి పోయేవాళ్లు. రోజూ పొద్దున గిద్దలూరులో పాసింజరు ఎక్కి, కంభంలో దిగి, అక్కడి నుంచి నడిచి బడికి చేరేదాన్ని. మా తాలూకాలు కర్నూలు నుంచి విడిపోయి కొత్త ప్రకాశం జిల్లాలో కలిసి కొన్నేళ్లే అయింది. మా పెద్దవాళ్లకు జిల్లా అంటే ఇంకా కర్నూలే గుర్తొచ్చేది. ఒంగోలు వాళ్లకేమో మా వైపు అంటే నల్లమల, పులులు, కరువు. అంతకుమించి వాళ్లకు తెలియదు. తెలియదని ఒప్పుకోరు కూడా.

నా చిన్నప్పుడు మా పల్లె బడిలో టీచరు భూమి గుండ్రంగా ఉందని చెప్పింది. ఆ రోజు నేను ఇంటికి, ఎక్కడ జారిపోతానోనని జాగ్రత్తగా, ఆనించి ఆనించి అడుగులేసుకుంటూ పోయాను. అంతగా నమ్మాను ఆమెను. నేను టీచరునైతే పిల్లలు నా మాట కూడా అట్లా నమ్మాలని నాకు ఒకటే ఆశ. జీతం, గౌరవం, చేతికి వాచీ, ఇవన్నీ ఆ తర్వాతే.

ఏడో తరగతికి క్షీరదాల పాఠం చెబుతూ ప్లాటిపస్ దగ్గరికి వచ్చాను. నీళ్లలో ఈదుతుంది, గట్టున బొరియలో ఉంటుంది, గుడ్లు పెడుతుంది, పిల్లలకు పాలిస్తుంది అన్నాను. క్లాస్ లీడరు మొదటి బెంచీలో కూర్చునే పిల్ల. రెండు జడలు, రెండు వేర్వేరు రంగుల రిబ్బన్లు. తటాలున లేచి నిలబడింది.

"టీచరమ్మా, పాలిచ్చేది గుడ్డెట్ల పెడతాది?"

"పెడుతుంది. ఆస్ట్రేలియాలో ఉంది."

"మీరు చూసినారా?"

"లేదు."

"మీకు చెప్పినాయన చూసినాడా?"

మా ట్రైనింగు కాలేజీ లెక్చరరు గుంటూరు దాటి ఎరుగడు. నేను సుద్దముక్క విరిచాను. క్లాసంతా నవ్వింది. వెక్కిరించే నవ్వు కాదది, "పోనీలే పాపం" అనే నవ్వు. అది ఇంకా మండింది నాకు.

మర్నాడు బడి గేటు దగ్గర నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. పాఠం ఇంటింటికీ చేరిపోయినట్టుంది. వాళ్లలో ఒకామె పాలమ్ముకునే మనిషి, ఊళ్లో అందరికంటే పెద్ద నోరు.

"ఏం తల్లీ, మా బర్రె ఎప్పుడు గుడ్డు పెడతాదో కాస్త చెప్పు. గంపలో గడ్డి పరిచి పెట్టుకుంటా," అనింది. మిగతా ముగ్గురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ కోపంతోనే క్లాసులోకి పోయాను. పిల్లలు నా ముఖం చూసి ముందే నవ్వు బిగబట్టుకుని ఉన్నారు. ఇక ఆగలేకపోయాను. "ఆస్ట్రేలియా దాకా ఎందుకు? అట్లాంటిది మీ చెరువులోనే ఉంది, కళ్లు తెరిచి చూసుకుంటే కదా!" అని అరిచాను.

క్లాస్ లీడరు లేచింది.

"ఏంది టీచరమ్మా అది?"

కిటికీలోంచి చూశాను. దూరంగా చెరువు ఒడ్డున తుంగ గాలికి ఊగుతోంది. ప్రహరీ గోడ మీద ఒక పిల్లి నడుచుకుంటూ పోతోంది.

"తుంగపిల్లి," అన్నాను.

నోరు జారడం అంటే అదే. మామూలుగా జారిన మాట అక్కడితో ఆగుతుంది. నాది ఆగలేదు. పిల్లలు నోటుపుస్తకాలు తీశారు. ఆరు నెలల్లో నేను చెప్పకుండానే వాళ్లు పుస్తకాలు తీయడం అదే మొదలు. ఇక నన్నెవరు ఆపగలరు?

తుంగపిల్లి ముంగిస కంటే పెద్దది, కుక్కపిల్ల కంటే చిన్నది అని చెప్పాను. ఒంటి మీద రెండు వరసల బొచ్చు. పై బొచ్చుకు నూనె జిడ్డు ఉంటుంది, అందుకని ఎంతసేపు మునిగినా లోపలి బొచ్చు తడవదు. కాలివేళ్ల మధ్య తోలు. మూతి చెప్పు అడుగులాగ వెడల్పు, దాంతో బురదలో తడుముకుని నత్తల్ని, చిన్న ఎండ్రకాయల్ని తింటుంది. మొగదాని వెనక కాలికి ఒక విషపు ముల్లు. ఆడదానికి అది ఎందుకు లేదని ఒక పిల్ల అడిగితే, దానికి నోరుంది కదా అన్నాను. ఆ ఒక్క ముక్క మాత్రం నోట్సులో రాసుకోవద్దన్నాను, అందరూ రాసుకున్నారు.

గుడ్డు సంగతి ఒక పీరియడంతా పట్టింది. ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు, రేగుపండంత. పెంకు గట్టిగా ఉండదు, తోలులాగ మెత్తగా ఉంటుంది. తల్లి దాన్ని పొదగడానికి పైన కూర్చోదు. వెల్లకిలా పడుకుని, గుడ్డును పొట్ట మీద పెట్టుకుని, తోకను దాని మీద మడిచి దుప్పటిలా కప్పుతుంది. పది రోజులకు పిల్ల బయటికొస్తుంది. తల్లికి చన్నులుండవు, పొట్ట చర్మంలోంచి పాలు చెమటలాగ ఊరుతాయి, పిల్ల నాకుతుంది. ఈ పాలు ఊరడం నేను కల్పించింది కాదు. ప్లాటిపస్‌కు నిజంగానే అట్లా ఉంటుంది. ఆ నిజాన్ని తెచ్చి దీనికి తగిలించాను. నాలో టీచరు ఇంకా పూర్తిగా చావలేదని నాకదో ఊరట.

పిల్లల ప్రశ్నలకు హద్దు లేకుండా పోయింది. వెనక బెంచీలోంచి ఒకడు, వాళ్ల చేను రెండేళ్లుగా బీడు, లేచి అడిగాడు.

"టీచరమ్మా, చెరువు ఎండిపోతే అదెట్ల బతుకుతాది?"

ఇది ఆలోచించాల్సిన సంగతే. మా వైపు ఏ జంతువునైనా సగం జలచరమనే అనాలి, ఏడాదిలో సగం రోజులు జలం ఉండదు గనక. బురద లోతుకు తవ్వుకుని, వాన పడేదాకా నిద్రపోతుందని చెప్పాను.

"వాన పడకుంటే?"

"రెండో ఏడు కూడా నిద్రే."

"మూడో ఏడు కూడా పడకుంటే?"

"వలస పోతుంది."

"యాడికి? గుంటూరుకా? మా అమ్మా వాళ్ల లెక్క మిరపకాయలు కోసేదానికి పోతాదా?"

"పోతుంది. అక్కడి కాలవల్లో ఉండి, వానలు పడ్డాక వెనక్కొస్తుంది."

వాడు తృప్తిగా కూర్చున్నాడు. అబద్ధం చెప్పి ఒకరికి అంత తృప్తి కలిగించడం అంతకు ముందు నాకెప్పుడూ జరగలేదు. ప్లాటిపస్ పాఠానికి నవ్విన పిల్లలు తుంగపిల్లికి తలలూపుతుంటే ఒక పక్క సంతోషం, ఇంకో పక్క గుచ్చుకునేది. నేను చూడని నిజం చెప్పినప్పుడు నమ్మనివాళ్లు, నేను అల్లిన అబద్ధాన్ని నమ్ముతున్నారే అని. తర్వాత సర్దిచెప్పుకుందాం, ముందు నా మాట వినడం అలవాటు కానీ, అనుకున్నాను. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అని రోజులు జరిపాను.

ఈలోగా ఇన్‌స్పెక్షన్ వచ్చిపడింది. ఒంగోలు నుంచి ఒక అధికారి. గంజిపెట్టిన చొక్కా కంభం చేరేసరికి నలిగిపోయింది. మా హెడ్మాస్టరు పెద్దాయన, తెలుగు చెప్పేవాడు, సైన్సు అంటే దండం పెట్టేవాడు. అధికారికి సోడా ఇచ్చి, నేరుగా నా క్లాసుకే తీసుకొచ్చాడు. అధికారి పాఠ్యపుస్తకం తెరిచి, అన్ని పాఠాలుండగా అదే పాఠం పట్టుకున్నాడు.

"గుడ్లు పెట్టే క్షీరదానికి ఒక ఉదాహరణ చెప్పండర్రా."

"తుంగపిల్లీ!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

అధికారి పుస్తకంలో పేజీ ఇటూ అటూ తిప్పాడు. "ఇందులో లేదే?" అన్నాడు.

క్లాస్ లీడరు లేచింది. "పుస్తకం రాసినాయన మా తట్టుకు రాలేదు సార్. మా చెరువులో ఉంటాది." అని, రెండు వరసల బొచ్చు దగ్గర మొదలుపెట్టి గుంటూరు వలస దాకా ఆగకుండా అప్పజెప్పింది.

నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఇప్పుడు నవ్వుతాడు, ఇప్పుడు నా పుట్టి మునుగుతుంది అనుకున్నాను. ఆయన నవ్వలేదు. తన జిల్లాలో ఉన్న జంతువు తనకు తెలియకపోవడమా అనే బెరుకు ఆయన ముఖంలో స్పష్టంగా కనిపించింది.

"ఆఁ, తుంగపిల్లి. విన్నాను, విన్నాను. మీ పడమటి వైపుదే కదండీ," అని డైరీలో రాసుకున్నాడు.

నేను అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. ఆ పిల్ల అంత చక్కగా చెబుతుంటే నాకు గర్వంగా ఉంది.

నెల తిరగకుండానే కాగితం వచ్చింది. పడమటి బడులన్నిటికీ ఒకటే కాగితం. మీ ప్రాంతంలో తుంగపిల్లి ఉన్నదా? ఉన్నచో గుడ్ల సంఖ్య, అలవాట్లు తెలుపవలెను. లేనిచో కారణములు తెలుపవలెను. మొదట కనిపెట్టిన బడి కాబట్టి మేము బొమ్మ గీసి స్వయంగా తెచ్చి ఇవ్వాలట.

నేను పోయి హెడ్మాస్టరుతో నిజం చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ముప్పై ఏండ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది చెప్తా వినమ్మా. పైనుంచి వచ్చిన కాగితానికి లేదని రాస్తే, ఎందుకు లేదని ఇంకో కాగితం వస్తాది. దానికి జవాబు రాస్తే మూడోది వస్తాది. ఉందని రాస్తే ఫైలు మూసేస్తారు. అందుకే మేము ఎప్పుడూ ఉందనే రాస్తాం."

"లేనిది ఉందని ఎట్లా రాస్తాం సార్?"

"మన బడికి ఆటస్థలం ఉందని రాసినాం గదా, అట్లనే."

ఒంగోలు ముద్రతో కాగితం వచ్చిందని ఊళ్లో తెలిసింది. ఇక చూడాలి! మొన్నటిదాకా పగలబడి నవ్విన ఊరు ఒక్కసారిగా మారిపోయింది. చెరువులో వలేసే ఒకాయన దాన్ని రెండుసార్లు చూశానన్నాడు. మూడు కాళ్ల మంచం మీద కూర్చునే ముసలాయన, వాళ్ల జేజమ్మ బాలింతలకు దాని కూర పథ్యం పెట్టేదని చెప్పాడు. పాలమ్మే ఆమె గేటు దగ్గర నా చేయి పట్టుకుంది.

"నీతో మొన్న ఊరికే ఎగతాళికి అన్నా తల్లీ. నేను పిల్లప్పుడు చూసినా దాన్ని. తోక ఇట్ల కప్పుకుని పడుకునుంటాది," అని తన కొంగుతో చేసి మరీ చూపించింది.

ఇప్పుడు నిజం చెప్తే నేనొక్కదాన్నే అబద్ధాలకోరును కాను, ఊరు ఊరంతా నాతోపాటు అవుతుంది. అయినా ఒంగోలు పోయి చెప్పేయాలనే నిశ్చయించుకున్నాను.

బొమ్మ కాగితం మీద గీస్తే చినుగుతుందని హెడ్మాస్టరు మార్కాపురంలో పలకలు చేసే తన చుట్టాల దగ్గర్నుంచి చెక్క కట్టు లేని పెద్ద పలక బిళ్ల తెప్పించాడు. వడ్డించే పళ్లెం కంటే పెద్దది. దాని మీద మేకుతో తుంగపిల్లిని గీశాను. బాగా వచ్చింది. తోక దగ్గర ఇంకొంచెం శ్రద్ధ తీసుకున్నాను. ఆ బిళ్లను ఒళ్లో పెట్టుకుని మార్కాపురంలో బస్సు మారి, ఒంగోలు దాకా మోశాను. తొడలు మొద్దుబారిపోయాయి. కండక్టరు టికెట్టు చింపుతూ వంగి చూశాడు.

"ఏందమ్మా ఇది, ముంగిసా, పందికొక్కా?"

"తుంగపిల్లి."

"ఓ, అదా! మా ఊరి కుంటలో లెక్కలేనన్ని," అని ముందుకు పోయాడు.

దారి పొడుగునా ఒకటే వాక్యం వల్లె వేసుకున్నాను. "సార్, అట్లాంటి జంతువు లేదు, కోపంలో నేనే కల్పించాను." అధికారి గదిలోకి అడుగుపెట్టేసరికి ఆ వాక్యం నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆయన నన్ను కూర్చోమని, పలకను మెచ్చుకుని, లావుపాటి ఫైలు విప్పాడు.

"చూడండమ్మా, మీరు చెప్పిన గుడ్ల సంఖ్యలో ఏదో పొరపాటుంది. త్రిపురాంతకం వైపు నుంచి ఒక బడి వాళ్లు రెండు గుడ్లని రాశారు. మార్కాపురం వైపు ఇంకో బడి నాలుగంటోంది. అర్ధవీడు నుంచి ఏమో, ఉండేవి, కరువుకు పోయినవి అని వచ్చింది."

నా ఒళ్లు మండిపోయింది. రెండేమిటి? నాలుగేమిటి? వాళ్లెప్పుడు చూశారు?

"ఒకటే సార్."

"పోనీ సగటున రెండు అని వేసేద్దామండీ."

"సగటేంది సార్? రెండు గుడ్లయితే పొట్ట మీద నిలుస్తాయా? ఒకటి జారిపోదా? తోక ఎంతుంటుంది, చూడండి బొమ్మలో! ఒక గుడ్డుకే చాలీ చాలదు!"

గొంతు పెరిగింది. పక్క గదిలో టైపు మిషను ఆగిపోయింది. ఆ బడుల వాళ్లంతా కూర్చున్న చోట కూర్చుని ఏదో ఒకటి గిలికేశారని, జంతువుల గురించి రాసేటప్పుడు బాధ్యత ఉండాలని కూడా అన్నాను. ఆ మాట అన్నది నేనే. చివరికి ఆయన భయపడి ఒకటి అనే రాశాడు. నేను గెలిచి బయటికొచ్చి, బస్టాండులో టీ తాగి, మార్కాపురం బస్సు సగం దూరం వచ్చాక, పోయిన పని చేయలేదని గుర్తొచ్చింది.

నా మీద నాకే అసహ్యం వేసింది. పై అధికారికి చెప్పకపోతే పోయింది, పిల్లలకైనా చెప్పకపోతే ఇక నేనేం టీచర్నని, మర్నాడు క్లాసులో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని మొత్తం చెప్పేశాను. తుంగపిల్లి లేదు. ఎప్పుడూ లేదు. తప్పు నాదే.

ఎవరూ ఉలిక్కిపడలేదు. క్లాస్ లీడరు కూర్చున్నచోటి నుంచే జవాబిచ్చింది.

"మాకు తెల్సు టీచరమ్మా."

"ఎప్పటినుంచి?"

"మీరు చెప్పిన రోజు నుంచే. చెరువు మాది గదా. బర్రెల్ని తోమేది మేమే, తుంగ కోసేది మేమే. అట్లాంటిది ఉంటే మాకు కనపడదా?"

"మరి రోజూ అన్ని ప్రశ్నలు ఎందుకు అడిగినారే?"

"మీరు బాగా చెప్తాంటిరి."

"గుంటూరు పోతాదన్నారు చూడు, అది బాగుండె," అన్నాడు వెనక బెంచీవాడు.

నాకు నవ్వొచ్చింది. ఒంటి మీద నుంచి ఆ పలక బిళ్ల దించినట్టయింది. పిల్లలూ నవ్వారు. ఆ నవ్వులోనే, ఇక మంచి అదను అనుకుని, "సరే, తుంగపిల్లి అబద్ధం. ప్లాటిపస్ మాత్రం నిజం," అన్నాను.

ఇంకా గట్టిగా నవ్వారు.

"నిజంగా. దేవుని తోడు."

"చెప్పండి టీచరమ్మా, చెప్పండి!" అని క్లాస్ లీడరు బుద్ధిగా చేతులు కట్టుకుంది. "వానలు పడకుంటే అది యాడికి పోతాది?"

పుస్తకంలో బొమ్మ చూపించాను. బెంచీ బెంచీకి తిప్పి చూపించాను. వాళ్లు శ్రద్ధగానే చూశారు. తుంగపిల్లే నయమని తీర్మానించారు. దీనికి బాతు మూతి ఏంది, చేటలాంటి ఆ తోకేంది, ఎవరో సరిగ్గా ఆలోచించకుండా చేసినట్టుంది, మీరైతే ఇంకా బాగా చేసేవాళ్లు అన్నారు. నన్ను మెచ్చుకుంటున్నామనే అనుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. బోర్డు వైపు తిరిగి, అక్కడ ఏమీ లేకపోయినా తుడుస్తూ నిలబడ్డాను. నా అబద్ధం వాళ్లను మోసం చేసి ఉంటే సర్దిచెప్పుకునేదాన్ని. అది వాళ్లను ఏమీ చేయలేదు. పోతూ పోతూ నా నిజాన్ని కూడా తనతో తీసుకుపోయింది.

ఆ ఏడాది చివరి దాకా ఎన్ని రకాలుగా చెప్పానో. గిద్దలూరులో ఒక ఇంట్లో పాత ఇంగ్లీషు పత్రిక ఉంటే బతిమాలి తెచ్చాను. అందులో ఫోటో ఉంది. ఫోటో కూడా గీస్తారు కదా అన్నారు.

ఏడో తరగతి పెద్ద పరీక్షలు కంభంలో జరిగాయి. సైన్సు పరీక్ష రోజు పిల్లల కోసం బయట వేపచెట్టు నీడలో నిలబడ్డాను. క్లాస్ లీడరు అందరికంటే ముందు బయటికొచ్చింది. చేతి నిండా సిరా.

"ఆ ప్రశ్న వచ్చింది టీచరమ్మా. గుడ్లు పెట్టే క్షీరదం."

"ఏం రాసినావు?"

"ప్లాటిపస్సే. అందరం అదే రాసినాం. ఎవరూ తుంగపిల్లి అని రాయొద్దని నేను ముందే గట్టిగా చెప్పినా."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇప్పుడు నమ్ముతారా?" అన్నాను.

ఆ పిల్ల పెద్దమ్మలాగ నా భుజం మీద సిరా చేయి వేసి, గొంతు తగ్గించింది.

"మీరేం బాధపడొద్దు టీచరమ్మా. మీకోసరం రాసినాంలే."